బసంతర్ ఏటి దగ్గర

1971 యుద్ధం అనగానే అందరికీ ఢాకా గుర్తొస్తుంది. మన సికింద్రాబాద్ 54వ డివిజన్ పోరాడింది మాత్రం పడమటి సరిహద్దులో, షకర్‌గఢ్ ప్రాంతంలో. నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కి మద్రాస్ శాపర్స్‌లో చేరిన నేను 9వ ఇంజనీర్ రెజిమెంట్‌తో అక్కడున్నాను.

డిసెంబర్ 15 రాత్రి బసంతర్ ఏటి దగ్గర శత్రువు పాతిన మందుపాతరల మధ్య నుంచి ట్యాంకులకు దారి తీయాలి. చువ్వ ఏటవాలుగా గుచ్చాలి. ఏదైనా గట్టిగా తగిలితే ఆగి, చేత్తో మట్టి తొలగించాలి. శుభ్రమైన మేర తెల్ల టేపు పరవాలి. నిటారుగా గుచ్చితే అంతే సంగతులు. మన లెక్కల మాస్టారు ‘నిదానంగా, మెట్టు తప్పకుండా’ అనేవారు గుర్తుందా? ఆ రాత్రి అదే చేశాం, పైన ఫిరంగి గుళ్లు పడుతుండగా. ఒక గుండు ముక్క నా ఎడమ మోకాలిలో దిగింది. నొప్పి కన్నా ముందు బూటులో వెచ్చదనం తెలిసింది. పక్కవాడు నా చేతిలోని టేపు చుట్ట తీసుకుని ముందుకు సాగాడు. ఆగి ఉంటే నేనే తిట్టేవాణ్ణి.

దారి పూర్తి కాకముందే పూనా హార్స్ ట్యాంకులు దాటాయి. 16న అరుణ్ ఖేత్రపాల్ నేలకొరిగాడు. పరమవీర చక్ర ఆయనది. మందుపాతరలు తీయిస్తూ ప్రాణాలిచ్చిన మా మేజర్ విజయ్ రత్తన్ చౌధురికి మహావీర చక్ర ఇచ్చారు. ట్యాంకుల కథ చెప్పేవాళ్లు ఆయన పేరు కూడా చెబితే బాగుంటుంది. 17 రాత్రి 8 గంటలకు కాల్పులు ఆగాయి.

కొన్ని నెలలకు చంకకర్రలతో నాంపల్లిలో దిగాను. నాన్న అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వారం వారం వేసిన కార్డులన్నీ ఆసుపత్రిలో అందాయి. ఒక్కదాంట్లోనూ కాలు సంగతి అడగలేదు. ప్లాట్‌ఫారం మీద కూడా ఆయన చూపు నా ముఖం దాటి కిందికి దిగలేదు.