ప్రేమకథలో ఆ కుక్క ఎక్కడిది?

అమెరికాలో క్రిస్మస్ సీజన్ వచ్చిందంటే హాల్‌మార్క్ ఛానల్ టీవీ సినిమాల సందడే. 1910లో కాన్సాస్ సిటీలో పుట్టిన గ్రీటింగ్ కార్డుల కంపెనీదే ఈ ఛానల్. మంచు కురిసే చిన్న ఊరు, పట్నం నుంచి వచ్చిన అమ్మాయి, ముభావంగా ఉండే అబ్బాయి, వాళ్ల కాళ్లకు అడ్డం పడే కుక్కో పిల్లో. పెళ్లిళ్ల పేరయ్యలు లేని ఈ దేశంలో కొత్తవాళ్లిద్దరి చేత మొదటి మాట ఆడించేది చాలాసార్లు ఆ జంతువే. నాకీ కథలంటే ప్రాణం. గమనించారో లేదో, ఆ కుక్కను తరచూ అనాథ జంతువుల షెల్టర్ నుంచి దత్తత తెచ్చుకుంటారు. కొనుక్కోరు.

ఆ ఆనవాయితీ వెనక చాలా దుఃఖం ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు నగరాల్లో వీధికుక్కంటే పిచ్చికుక్కేమోనన్న భయం. 1877లో న్యూయార్క్‌లో పట్టుబడిన కుక్కల్ని ఇనపబోనులో కుక్కి ఈస్ట్ రివర్‌లో ముంచి చంపారు. అప్పటికే ఫిలడెల్ఫియాలో కారొలైన్ ఎర్ల్ వైట్ మరో దారి వేసింది. 1867లో పెన్సిల్వేనియా జంతుసంరక్షణ సంఘం ఏర్పాటుకు పాటుపడిన ఆమెకు, స్త్రీ అయినందుకు, పాలకవర్గంలో చోటు దక్కలేదు. ఆమె ఊరుకోలేదు. 1869లో మహిళా శాఖ ఏర్పడింది. నగరంలో కుక్కల బందెలదొడ్డి బాధ్యతను ఆ స్త్రీలే తీసుకుని, దాన్ని ఆశ్రయంగా మార్చారు. అమెరికాలో మొదటి జంతు షెల్టర్ అదే. ఆమె పేరు ఇక్కడి బడిపిల్లలందరికీ తెలియాలని నా కోరిక.

అయినా చావులు ఆగలేదు. 1970లలో షెల్టర్లలో ఏటా కోటికి పైగా కుక్కల్నీ పిల్లుల్నీ చంపేవారని అంచనా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, దత్తత ప్రచారం పెరిగాక ఆ సంఖ్య లక్షల్లోకి దిగింది.

అందుకే 2014 నాటి హాల్‌మార్క్ సినిమా ‘ది నైన్ లైవ్స్ ఆఫ్ క్రిస్మస్’ ఇక్కడివాళ్ల మనసుకు అంత దగ్గరైంది. ఫైర్‌మన్ జాకరీ పెళ్లి ఊసెత్తని మనిషి. ఆంబ్రోస్ అనే దిక్కులేని పిల్లి అతని ఇంట చేరుతుంది. దాని పుణ్యాన పశువైద్యం చదివే మారిలీతో స్నేహం ముదురుతుంది. ఎవరూ అక్కర్లేదన్న ప్రాణిని చేరదీశాడంటే ఆ మనిషిని నమ్మవచ్చని ప్రేక్షకులకు వేరే చెప్పనక్కర్లేదు.

అదే ఏడాది ఆ ఛానల్ ‘కిటెన్ బౌల్’ మొదలుపెట్టింది. దేశమంతా సూపర్ బౌల్ అనే ఫుట్‌బాల్ ఫైనల్ చూసే రోజున, అందులో బొమ్మ ఫుట్‌బాల్ మైదానంలో పిల్లికూనలు దొర్లుతూ ఆడేవి. అవి శిక్షణ పొందిన నటులు కావు. దత్తత కోసం ఎదురుచూస్తున్న అనాథ కూనలు.