టెన్నిస్ రాకెట్టు పట్టిన ప్రతినాయకుడు: అమెరికా దక్షిణాది రెజ్లింగ్‌లో మేనేజర్ పాత్ర - ప్రేక్షకాభిప్రాయ పరిణామం

ప్రవేశిక:

వృత్తి రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయి. ఈ సంగతి ప్రేక్షకులకు తెలుసా, తెలియదా అన్న ప్రశ్న చుట్టూ చాలా చర్చ జరిగింది. రోలా బార్త్ 1957లో వెలువరించిన 'మైథాలజీస్' గ్రంథంలో మొదటి వ్యాసం రెజ్లింగ్ గురించినదే. పోటీ నిజమా, బూటకమా అన్నది ప్రేక్షకుడికి పట్టదని, బాధ, ఓటమి, న్యాయం కళ్లకు కట్టినట్టు కనబడటమే అతనికి కావాలని ఆయన ప్రతిపాదించాడు. బార్త్ చూసింది పారిస్ నగరపు ప్రదర్శనశాలలను. అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో ప్రతివారం టికెట్టు కొనుక్కొని వచ్చిన జనం విషయంలో ఆ ప్రతిపాదన ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించాలంటే మల్లుల కంటె, మల్లుల పక్కన నిలబడి నోరు పారేసుకునే మేనేజర్ పాత్రే ఎక్కువ ఉపకరిస్తుంది. మల్లుణ్ణి ద్వేషించే ప్రేక్షకుడు కూడా అతని దేహబలాన్ని లోలోపల మెచ్చుకోవచ్చు. మేనేజర్ విషయంలో అటువంటి మినహాయింపు లేదు. అతను కుస్తీ పట్టడు. అతనిపై జనానికున్న అభిప్రాయమంతా అతని మాటమీద, వేషంమీద, నడతమీద ఏర్పడినదే. ఈ వ్యాసానికి ప్రధాన ఆధారం జిమ్ కార్నెట్ ధరించిన పాత్ర.

ప్రాంతీయ వ్యవస్థ - మేనేజర్ అవసరం:

1948లో ఐయోవా రాష్ట్రంలోని వాటర్లూ పట్టణంలో కొందరు ప్రమోటర్లు సమావేశమై నేషనల్ రెజ్లింగ్ అలయన్స్‌ను ఏర్పాటు చేసుకున్నారు. దేశాన్ని ప్రాంతాలుగా పంచుకొని, ఒకరి ప్రాంతంలోకి మరొకరు అడుగుపెట్టకూడదని ఒప్పందానికి వచ్చారు. ఈ పంపకం వల్ల ఒక్కొక్క ప్రాంతంలోని మల్లులు అవే పట్టణాలను వారంవారం చుట్టివచ్చేవారు. మెంఫిస్‌లో శనివారం ఉదయం స్టూడియో నుంచి టీవీ ప్రసారం, సోమవారం రాత్రి మిడ్-సౌత్ కొలీజియంలో ప్రదర్శన. టీవీ కార్యక్రమం ఉచితం. టికెట్టు సోమవారానిది. అంటే శనివారం రగిలించిన కోపం సోమవారం దాకా ఆరిపోకుండా ఉండాలి. సోమవారం ఆ కోపం కొంత తీరాలి, మరుసటి సోమవారానికి కొంత మిగలాలి.

మేనేజర్ పాత్ర ఈ లెక్కలోంచి పుట్టింది. దుష్టపాత్రధారులైన మల్లులు కొన్ని నెలలు ఉండి మరో ప్రాంతానికి వెళ్లిపోయేవారు. కొత్తగా వచ్చినవాణ్ణి జనం ఎందుకు ద్వేషించాలి? పాత మేనేజర్ పక్కన నిలబడ్డాడు కాబట్టి. మేనేజర్ పాత కక్షలన్నిటినీ మోస్తూ ఉండేవాడు. మెంఫిస్‌లో జిమ్మీ హార్ట్ ఇందుకు చక్కని ఉదాహరణ. అంతకుముందు అతను గాయకుడు. 1965లో 'కీప్ ఆన్ డ్యాన్సింగ్' పాటతో పేరుపొందిన జెంట్రీస్ బృందంలోనివాడు. 1980లో స్థానిక కథానాయకుడు జెర్రీ లాలర్ కాలు విరిగి మంచాన పడ్డప్పుడు అప్పటిదాకా అతని పక్షాన ఉన్న హార్ట్ ఎదురు తిరిగాడు. ఆ తరువాత కొన్నేళ్లపాటు లాలర్‌మీదికి ఒకరి తరువాత ఒకరుగా మల్లులను ఉసిగొల్పాడు. 1982 ఏప్రిల్‌లో లాలర్‌తో తలపడ్డ హాస్యనటుడు ఆండీ కౌఫ్‌మన్ కూడా చివరికి హార్ట్ జట్టులోనే చేరాడు. వచ్చినవారు వెళ్లిపోయారు, హార్ట్ మాత్రం అక్కడే ఉన్నాడు.

కార్నెట్ పాత్రనిర్మాణం:

1961లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో పుట్టిన జిమ్ కార్నెట్ మొదట ఒక అభిమాని. పదిహేనేళ్లు దాటక ముందే రింగ్ పక్కన కెమెరా పట్టుకొని ఫొటోలు తీసేవాడు. 1982లో మెంఫిస్ ప్రమోటర్ జెర్రీ జారెట్ అతనికి మేనేజర్ వేషం ఇచ్చాడు. అభిమానుల నడుమ కూర్చొని, వారికి ఏది ఒళ్లుమండిస్తుందో ఏళ్లతరబడి గమనించినవాడు అదే పనికి నియుక్తుడు కావడం ఈ చరిత్రలో తేలిగ్గా తీసివేయదగిన అంశం కాదు.

ఆ పాత్ర ఒక అమ్మకూచి. తల్లి దగ్గర డబ్బుంది. కొడుకు అడిగితే మల్లులను కూడా కొనిపెడుతుంది. ఆ తల్లి తెరమీద కనిపించదు, కొడుకు మాటల్లోనే ఉంటుంది. మిడిసిపడే రంగుల సూట్లు, గొంతు చించుకొని ఊపిరి తీసుకోకుండా సాగే ఫిర్యాదు, చేతిలో టెన్నిస్ రాకెట్టు. ఈ రాకెట్టు ఎంపికలోనే పాత్ర సారమంతా ఉంది. ఇతర మేనేజర్లు చేతికర్రో, మెగాఫోనో పట్టుకునేవారు. టెన్నిస్ రాకెట్టు సంపన్నుల క్లబ్బుల్లోని వస్తువు. మిల్లులో, గనిలో, పొలంలో ఒళ్లు వంచి పనిచేసి వచ్చినవారి ఎదుట, ఒంటికి చెమటపట్టని ఒకడు ఆ రాకెట్టుతోనే తమ వీరుణ్ణి వెనకనుంచి కొడతాడు. వర్గద్వేషాన్ని రాజకీయ పరిభాషలో పలకని జనానికి ఇది ఆ భావాన్ని బాహాటంగా అరిచే అవకాశం ఇచ్చింది.

1983 చివరలో కార్నెట్ బిల్ వాట్స్ నడిపిన మిడ్-సౌత్ రెజ్లింగ్‌కు చేరాడు. లూసియానా, మిసిసిపి, ఓక్లహోమా, అర్కన్సా ప్రాంతాలలో ఆ సంస్థ ప్రదర్శనలు జరిగేవి. అక్కడ బాబీ ఈటన్, డెనిస్ కాండ్రీలు 'మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్' జంటగా అతని చేతికింద నిలిచారు. 1984 వసంతంలో నడిచిన కథ ఈ పాత్ర పనితీరును స్పష్టంగా చూపిస్తుంది. మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్ విజయోత్సవంలో ప్రత్యర్థులైన రాక్ అండ్ రోల్ ఎక్స్‌ప్రెస్ జంట కార్నెట్ ముఖాన్ని కేకులో అదిమింది. ఆ దృశ్యాన్ని వాట్స్ టీవీలో మళ్లీ మళ్లీ చూపించి నవ్వాడు. కార్నెట్ ఊరుకోకుండా గొడవకు దిగి, వాట్స్ చేత చెంపదెబ్బ తిన్నాడు. తరువాత తన మల్లుల చేత వాట్స్‌ను రక్తం వచ్చేలా కొట్టించాడు. అప్పటికి కుస్తీ మానుకున్న వాట్స్, నల్లజాతి కథానాయకుడు జంక్‌యార్డ్ డాగ్‌ను జతచేసుకొని మళ్లీ రింగులోకి దిగాడు. ఏప్రిల్‌లో న్యూ ఆర్లియన్స్ సూపర్‌డోమ్‌లో వారి పోటీకి జనం పోటెత్తారు. కథ మొదలైంది కేకుతో. ఇంత చిన్న అవమానాన్ని అంత పెద్ద ప్రాంగణం దాకా పెంచుకుంటూ తీసుకుపోయింది మేనేజర్ నోరే.

జనం కోపం - సాక్ష్యాల సమస్య:

ఆ రోజుల్లో ప్రేక్షకుల అభిప్రాయం కాగితంమీదికి ఎక్కడం అరుదు. ఉమ్మేయడం, కప్పులు విసరడం, మేనేజర్ లోపలికి వెళ్లే దారికి అడ్డంపడటం - ఇవే వారి సమీక్షలు. పోలీసులు చుట్టూ ఉంటే తప్ప రింగు నుంచి గదికి చేరలేని రాత్రుల గురించి ఆనాటి మేనేజర్లు పలువురు చెప్పుకొన్నారు. ఈ కథనాలను ఉన్నవున్నట్టు స్వీకరించడానికి ఒక చిక్కుంది. చెప్పినవారికి ఆ ప్రమాదం ఒక యోగ్యతాపత్రం. జనం తనను చంపబోయారన్నది ఆ వృత్తిలో గొప్పతనానికి కొలమానం. కాబట్టి అతిశయోక్తికి కొంత తరుగు తీయవలసిందే. అంత మాత్రాన జనం కోపం కల్పితమని కొట్టివేయడం కూడా కుదరదు. సోమవారం తరువాత సోమవారం అదే హాలు నిండడానికి ఆ కోపమే కారణం.

తెలుగు పాఠకుడికి ఇక్కడ 'మాయాబజార్' (1957)లో సి.ఎస్.ఆర్. ధరించిన శకుని స్ఫురించవచ్చు. దుర్బుద్ధిని మాటలో పలికించే నేర్పు వరకు పోలిక సరిపోతుంది. ఆపైన సరిపోదు. శకుని వేషం కట్టిన నటుడు ముఖానికి రంగు కడుక్కోగానే శకుని కాడు. కార్నెట్ హోటల్లోనూ, పెట్రోలు బంకులోనూ అదే కార్నెట్‌గా ఉండాలి. పాత్రను బయట కూడా విడవరాదన్న ఈ నియమాన్ని ఆ వృత్తిలో 'కేఫేబ్' అంటారు. ప్రేక్షకులు మోసపోయారా అన్న ప్రశ్న ఇక్కడే పక్కదారి పడుతుంది. పోటీ ఫలితం కుదుర్చుకొన్నదేనని అనుమానించినవారు కూడా ఇతను నిజంగానే ఇటువంటివాడని నమ్మగలిగారు. ఆటను శంకించి మనిషిని నమ్మడం వారికి పరస్పర విరుద్ధం కాలేదు. బార్త్ ప్రతిపాదనకు దక్షిణాది ప్రేక్షకుడు చేర్చే సవరణ ఇదే.

ఆ కోపంలో అంగీకరించడానికి ఇబ్బందిపడవలసిన పాలూ ఉంది. జనం ఎగతాళి చేసింది డబ్బు పొగరును మాత్రమే కాదు. మగతనం చాలని మగవాణ్ణి కూడా. అమ్మ చాటు బిడ్డ, సన్నని గొంతు, ఏడుపు, పారిపోవడం - ఇవన్నీ నవ్వుకూ తిట్టుకూ సరుకయ్యాయి. నాటి రెజ్లింగ్‌ను స్మరించుకొనేవారు వర్గకోణాన్ని ఇష్టంగా చెప్పి దీన్ని దాటవేస్తుంటారు.

శిక్ష మాత్రం నిజమైన దేహంమీదే పడేది. 1986 నవంబరు 27న జరిగిన స్టార్‌కేడ్‌లో, రింగుకు పైన కట్టిన మంచెమీద పోటీ ముగిశాక కార్నెట్ పైనుంచి వేలాడి కింద పడ్డాడు. పట్టుకోవలసిన వ్యక్తి సరిగా పట్టలేకపోవడంతో అతని మోకాలు తీవ్రంగా దెబ్బతిన్నది. పిరికివాడికి తగిన శాస్తి జరిగిందని హాలు హోరెత్తింది.

ద్వేషం నుంచి మెప్పు:

1980లలోనే మరో రకం అభిమానులు తయారయ్యారు. డేవ్ మెల్ట్‌జర్ 'రెజ్లింగ్ అబ్జర్వర్' వంటి వార్తాలేఖలు చదివి తెర వెనక వ్యవహారం తెలుసుకున్నవారు వీరు. పక్కవాడు తిడుతున్న మేనేజర్‌ను వీరు నేర్పరిగా మెచ్చుకున్నారు. ఒకే హాలులో ఒకే మాటకు తిట్టూ, చప్పట్లూ రావడం మొదలైంది. 1989లో న్యూజెర్సీ శాసనకర్తల ఎదుట, నియంత్రణలూ పన్నులూ తప్పించుకొనేందుకు, రెజ్లింగ్ కేవలం వినోదమని డబ్ల్యుడబ్ల్యుఎఫ్ పక్షం ఒప్పుకొన్నది. అప్పటికే ప్రాంతీయ సంస్థలు చాలావరకు మూతపడ్డాయి. వారంవారం అదే ఊరు తిరిగే వ్యవస్థ పోయాక కక్షలు మోసే మనిషి అవసరం కూడా తగ్గింది.

1991లో కార్నెట్ టెన్నెసీలోని నాక్స్‌విల్ కేంద్రంగా స్మోకీ మౌంటెన్ రెజ్లింగ్‌ను స్థాపించి పాత పద్ధతిని బతికించబోయాడు. సంగీతనిర్మాత రిక్ రూబిన్ దీనికి పెట్టుబడి పెట్టాడు. 1995లో సంస్థ మూతపడింది. జాతివైరాన్ని బాహాటంగా రెచ్చగొట్టే 'గ్యాంగ్‌స్టాస్' జంట కథ అక్కడే నడిచింది. జనాన్ని రగిలించడమే కొలమానమైనచోట దేనితో రగిలిస్తున్నామన్న ప్రశ్న వెనకబడుతుందనడానికి అది నిదర్శనం. అదే కాలంలో, 1993 నుంచి, అతను డబ్ల్యుడబ్ల్యుఎఫ్‌లో యోకొజునా తరఫున మాట్లాడే మేనేజర్‌గా కనిపించాడు. కేబుల్ టీవీ ద్వారా తెలుగు ఇళ్లలోని పిల్లలకు అందిన కార్నెట్ ఇతనే: దక్షిణాది సందర్భమంతా రాలిపోయి, భారీకాయుడి పక్కన రాకెట్టు ఊపే వింతమనిషిగా మాత్రమే.

నేటి అభిమానుల్లో రెండు పక్షాలు కనిపిస్తాయి. ఆనాటి మేనేజర్ ప్రతి జోక్యానికీ ఒక కారణం, ప్రతి కారణానికీ ఒక ఫలితం ఉండేవని ఒక పక్షం వాదిస్తుంది. ఆ పద్ధతి కాలం చెల్లినదనీ, పాత పక్షపాతాలమీద బతికినదనీ రెండోపక్షం అంటుంది. 2019 నవంబరులో వ్యాఖ్యాతగా కార్నెట్ అన్న ఒక మాట జాతివివక్షతో కూడినదని విమర్శ వచ్చి, అతను నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ నుంచి తప్పుకున్న తరువాత ఈ రెండో వాదానికి బలం పెరిగింది. ఈ తగవులో పాత్రనూ వ్యక్తినీ విడదీయడం ఎవరికీ సాధ్యం కావడం లేదు. విడదీయలేకపోవడం కేఫేబ్ కోరుకున్నదే కదా! ఇరుపక్షాలూ అతణ్ణి ఒక ప్రతిభావంతుడిగానో, దోషిగానో తూచుతున్నాయి. శనివారం టీవీకీ సోమవారం టికెట్టుకూ మధ్య ఉన్న ఆ రెండురోజుల ఎడమే పాత్రకు ప్రాణమన్నది రెండు వాదాల్లోనూ తగినంతగా కనిపించదు.

పరిశోధకుడికి మిగిలిన ఆధారాలు కూడా ఈ అసమతౌల్యాన్నే పెంచుతున్నాయి. ష్రీవ్‌పోర్ట్‌లోని ఐరిష్ మెక్‌నీల్ బాయ్స్ క్లబ్బులో చిత్రించిన మిడ్-సౌత్ టీవీ కార్యక్రమాలు చాలావరకు భద్రంగా ఉన్నాయి. ఊరూరా జరిగిన రాత్రి ప్రదర్శనల్లో అత్యధికభాగం కెమెరాకు ఎక్కలేదు. మేనేజర్ ఏమన్నాడో నేడు మాటమాటా వినవచ్చు. దానికి బదులుగా జనం అన్నదానిలో వినిపించేది ఆ చిన్న హాలులోని కొద్దిమంది గొంతు మాత్రమే.