సీటు ఖాళీయేనాండీ?

ఎర్రబస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టుకున్న అనుభవం మనలో చాలామందికి ఉంది. రుమాలుంది, మనిషి లేడు. కూర్చోవచ్చా? పక్కవాళ్ళని అడగాలి. రేడియో ఇంజనీర్లు ఏళ్ళ తరబడి కుస్తీ పట్టిన ప్రశ్న ఇదే.

అమెరికాలో గాలి మీద రుమాళ్ళు పరవడం 1912లో మొదలయింది. ఏప్రిల్లో టైటానిక్ మునిగింది, ఆగస్టులో రేడియో లైసెన్సుల చట్టం వచ్చింది. 1934లో ఎఫ్.సి.సి. పుట్టింది. ఏ తరంగం ఎవరిదో ప్రభుత్వం రాసిచ్చాక, వాడుకున్నా మానినా అది వాళ్ళదే. ఒక్కో టీవీ ఛానెలుకి 6 మెగాహెర్ట్జ్ చొప్పున పంచితే పల్లెప్రాంతాల్లో ఎన్నో ఛానెళ్ళు ఖాళీగా పడి ఉండేవి. ఆ పల్లెల్లోనే ఇంటర్నెట్ అందేది కాదు.

చుట్టూ ఏం జరుగుతోందో గ్రహించి నడత మార్చుకునే రేడియోకి 1999లో జోసెఫ్ మిటోలా, జెరాల్డ్ మగ్వైర్ ఒక వ్యాసంలో 'కాగ్నిటివ్ రేడియో' అని పేరు పెట్టారు. 2004లో ఎఫ్.సి.సి. ఖాళీ టీవీ ఛానెళ్ళని ఇతరులకి వదులుదామని ప్రతిపాదించింది.

చిక్కల్లా, వినబడకపోతే ఖాళీ అనుకోవడంలో ఉంది. కొండ చాటునున్న పరికరానికి టీవీ స్టేషను వినబడదు. అది నోరు విప్పిందో, కొండకి అటువైపు వాళ్ళ బొమ్మ చెడుతుంది. అందుకని ఒక్క చెవిని నమ్మకుండా పది పరికరాలు విని ఒకచోట చెప్పాలన్నారు. ఇదే సహకార పద్ధతి. అసలు తగువు అక్కడ మొదలయింది. పదిమందిలో ఒక్కడు "ఉన్నారు" అన్నా ఊరుకోవాలా? అలాగైతే ఒక్క భ్రమ చాలు, సీటు ఖాళీగానే పోతుంది. అందరూ అంటేనే ఊరుకోవాలా? అప్పుడు టీవీ చూసేవాడికి దిక్కెవరు? పదిమందీ ఒకే కొండ చాటున ఉంటే పది చెవులూ ఒక్క చెవితో సమానం. పైగా "ఉన్నారు, ఉన్నారు" అని అందర్నీ తరిమేసి తానే కూర్చునే ఘనులు కూడా ఉంటారు కదా!

2008 నవంబరులో ఎఫ్.సి.సి. అనుమతి ఇచ్చింది, కాని స్టేషన్ల జాబితా చూసుకోవాలి, చెవి కూడా పెట్టాలి అంది. ఎంత సన్నగా వినాలో తెలుసా? ఒక వాట్‌ని 250 లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం. నాటకాల్లో, కచేరీల్లో వాడే వైర్‌లెస్ మైకులు పాడవుతాయని గాయని డాలీ పార్టన్ కూడా అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాసింది. 2010 సెప్టెంబరులో, జాబితా చూసుకునే పరికరాలు వినక్కర్లేదని తేల్చేశారు. పక్కవాళ్ళని అడగడం పోయి కండక్టరు చార్టు వచ్చింది. లెక్కలు తప్పడం వల్ల ఇలా జరిగిందని నేననుకోను. చార్టులో తప్పుంటే దిద్దవచ్చు. పది చెవులు కలిసి తప్పు వింటే ఎవర్ని అడుగుతాం?

అయితే నౌకాదళం తన ఓడలెక్కడున్నాయో ఏ చార్టులోనూ రాయనివ్వదు. అందుకే 2015లో 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ దాకా పంచుకోవడానికి నిబంధనలు రాసినప్పుడు చెవులు మళ్ళీ అవసరమయ్యాయి. తీరం పొడవునా గ్రాహకాలు నిలబెట్టారు. 2019లో వ్యాపార సేవలు మొదలయ్యాయి. ఓడ రాడార్ వినబడిందని ఆ గ్రాహకాలు కబురు పెడితే, ఆ తరంగం మీదున్నవాళ్ళు 300 సెకన్లలో లేచి సీటు ఖాళీ చెయ్యాలి.