సంత్రాగాఛి బస్సుల చరిత్ర

నది ప్రక్కన వెలసిన ఊరికి నీటి కరువుండదు గాని దారి కరువుండును. గోదావరి పాయల నడుమ నున్న కోనసీమవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన తెరువబడువరకు ఆ రేవున బస్సు దిగి, నది దాటి, ఆవలి యొడ్డున మరల బస్సు వెదకికొనుట వారికి అలవాటైన పని. హుగ్లీ నదికి పశ్చిమమున, హౌరా పట్టణము నంటియున్న సంత్రాగాఛి ద్వీపము కాదు. అయినను నదికి ఆవల కలకత్తాలో ఉద్యోగము చేయువానికి అది చాలకాలము ద్వీపము వంటిదే. అందుచే ఆ ఊరి బస్సుల చరిత్ర యనగా నది దాటుటకు జనులు పడిన పాటుల చరిత్రయే.

వంగదేశమున సంత్రాగాఛి పేరు మొదట కందకు ప్రసిద్ధి. గొంతు దురద పెట్టని కంద కావలెనన్న అచ్చటిదే తేవలెనని బెంగాలీ గృహిణుల నమ్మకము. సమీపమునందే గల రామరాజాతలాలో శ్రీరామనవమి నాడు ఆరంభమైన రామపూజ శ్రావణమాసమువరకు సాగును. ఇట్టి తోటల ఊరికి లోకముతో సంబంధము కలిగించినది రైలు. 1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే 1900లో ఖరగ్‌పూర్ మీదుగా హౌరా చేరినది. 1902లో వాల్తేరు–కటకము మార్గము గూడ ఆ రైల్వే అధీనమైనది. ఆంధ్రులు ఉద్యోగములకై ఖరగ్‌పూరునకు, కలకత్తాకు వచ్చిన దారి యిదే. వారిని గొనివచ్చిన బండ్లు హౌరా చేరుటకు కొన్ని నిమిషముల ముందు సంత్రాగాఛిని దాటుచుండెను.

అయితే రైలు మనుష్యుని హౌరావరకే చేర్చును. కచ్చేరీ నదికి ఆవల నున్నది. 1874లో కట్టిన తేలుడు వంతెనను ఓడలు పోవుటకై నడుమ తెరచునప్పుడు బండ్లును జనులును ఒడ్డుననే నిలువవలసి యుండెను. హౌరా వైపున 1905లో విద్యుత్ ట్రాములు వచ్చినవి. 1920 దశకమున మోటారు బస్సులు కలకత్తా వీధులలో వ్యాపించినవి. 1943 ఫిబ్రవరిలో నేటి హౌరా వంతెన తెరువబడుటతో బస్సునకు నిలుకడయైన దారి దొరకినది. 1948లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము స్వయముగా బస్సులు నడపసాగినది. 1960లో ఆ శాఖయే కలకత్తా రాష్ట్ర రవాణా సంస్థగా రూపొందినది. అయినను హౌరా పేటల లోపలి సందులకు ప్రధానముగా ప్రైవేటు బస్సులే దిక్కైనవి.

ఈ సందర్భమున తెలుగువారు స్మరింపదగిన విషయ మొకటి కలదు. 1932 జూనులో నిజాం రాష్ట్ర రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ నారంభించిరి. రైలును బస్సును ఒకే యజమాని నడపుటచే ఒకటి విడిచినచోట రెండవది అందుకొనుట సులభమైనది. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు మూలము అదియే. హౌరా జిల్లాలో కథ వేరు విధముగ నడచినది. అచ్చట బస్సు రైలునకు తోడుగా గాక, పోయిన రైలునకు బదులుగా నిలువవలసి వచ్చినది.

1897 నుండి హౌరా–ఆమ్తా మధ్య మార్టిన్ కంపెనీవారి రెండడుగుల చిన్న రైలు నడచుచుండెను. పల్లెల కూరగాయలు, పాలు, బడిపిల్లలు, కచ్చేరీ గుమాస్తాలు అందరును దాని మీదనే ఆధారపడియుండిరి. 1971 ఆరంభమున ఆ రైలు నిలిచిపోయినది. ఆ దినములలోనే, 1970–71లో, హౌరా వైపు ట్రాములును అంతరించినవి. ఒక్కమారుగా ఆ భారమంతయు బస్సుపై పడినది. సంత్రాగాఛి నుండి చీలు బ్రాడ్‌గేజి శాఖ 1984లో బర్గాఛియా చేరినది; ఆమ్తా చేరుటకు 2004 వరకు పట్టినది. పుట్టిన బిడ్డ గృహస్థగునంతటి కాలము, మూడు దశాబ్దములకు పైగా, ఆమ్తా ప్రాంతపు పల్లెలకు బస్సే రైలు, బస్సే ట్రాము. నిండిన బస్సు మెట్టుపై వ్రేలాడి ప్రయాణించినవారిని చూచి నవ్వుట సులభము. వారికి వేరు మార్గము లేదని తలచినప్పుడు ఆ నవ్వు నిలువదు.

రెండవ వంతెనకు 1972లో శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. పని 1979లో మొదలై, 823 మీటర్ల పొడవుగల విద్యాసాగర్ సేతువు 1992 అక్టోబరు 10న తెరువబడినది. దానిని జాతీయ రహదారితో కలుపు కోనా ఎక్స్‌ప్రెస్ మార్గము సంత్రాగాఛి ముంగిటనుండి పోవుచున్నది. అంతవరకు హౌరా స్టేషను చుట్టు తిరుగవలసిన ప్రయాణికుడు ఇచ్చటనే రైలు దిగి, బస్సెక్కి, ఖిదిర్‌పూరునకో ధర్మతలాకో పోగలిగెను. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమున్న గార్డెన్‌రీచి గూడ దగ్గరయైనది. దారిప్రక్కనున్న ఊరు బస్సుల మజిలీయైనది. మద్రాసు వైపు పోవు ఏ.సి. ఎక్స్‌ప్రెస్ వంటి కొన్ని దూరపు బండ్లు ఇచ్చటినుండియే బయలుదేరుటచే, విశాఖ, విజయవాడల కేగు తెలుగు కుటుంబములు పెట్టె బేడలతో ఈ బస్సులనే ఆశ్రయించుచున్నవి. 2013లో రాష్ట్ర సచివాలయము కలకత్తానుండి హౌరా వైపునగల నవాన్నకు మారుటతో మరియొక విచిత్రము జరిగినది. ఉదయమున తూర్పునకే ప్రవహించు ఉద్యోగుల వరుస కొంత పడమటికి తిరిగినది.

ఇంత సౌకర్యమున ఒక లోపము మిగిలినది. 2018 అక్టోబరు 23 సాయంకాలమున సంత్రాగాఛి స్టేషనులో ఒకే సమయమునకు పలు బండ్లు వచ్చుటచే, ఇరుకైన కాలినడక వంతెనపై ఎక్కువారును దిగువారును ఎదురుపడిరి. ఆ త్రొక్కిసలాటలో ఇద్దరు ప్రాణములు కోల్పోయిరి, పలువురు గాయపడిరి. నదిపై మహాసేతువును కట్టగలిగినవారికి పట్టాలపై కొన్ని గజముల నడకదారి పెద్ద పని కాదు. అయినను శ్రద్ధ ఎప్పుడును పెద్దవానిమీదకే పోవును. ప్రయాణికుడు మాత్రము ఇల్లు మొదలు కచ్చేరీవరకు ప్రతి అడుగును తానే నడువవలెను.

2024లో హౌరా మైదానమునుండి హుగ్లీ గర్భమున మెట్రో రైలు నడువసాగినది. నదిని దాటుటకు పైనను క్రిందను దారులేర్పడినవి. అంతమాత్రమున బస్సు పని తీరలేదు. మెట్రో మెట్లవరకు, రైలు గుమ్మమువరకు మనుష్యుని చేర్చవలసినది అదియే. రైలు దిగిన చోటికి బస్సు రాక, బస్సు దిగిన చోట నిలుచుటకు నీడ లేక, దాటుటకు నిరపాయమైన దారి లేక పోయినచో, ఎన్ని వంతెనలు కట్టినను ఊరు ద్వీపముగనే మిగులును. ఏ ఊరి రవాణా యోజన వ్రాయు అధికారియైనను సంత్రాగాఛి చరిత్రనుండి నేర్వదగిన పాఠ మిది.