ఫ్యాన్ తిరుగుతోంది, బొమ్మ రావట్లేదు

మీలో చాలామందికి చుట్టాలు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఇదే అయ్యుంటుంది. "సీపీయూ ఆన్ అవుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, కానీ బొమ్మ రావట్లేదు. నువ్వు సాఫ్ట్‌వేరే కదా, చెప్పు." మనకి హార్డ్‌వేర్ రాదంటే మన చదువు మీదే అనుమానం వస్తుంది కాబట్టి నేనూ ఏదో ఒకటి చెప్తుంటాను :) మానిటర్ కేబుల్ చూడమంటాను. ర్యామ్ తీసి, ఆ బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టమంటాను. చాలాసార్లు పనిచేస్తుంది కూడా.

నాకు మాత్రం ఈ మాట వింటే 2008 ఎండాకాలం గుర్తొస్తుంది. మాది తల్లాడ. ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో, కొత్తగూడెం రోడ్డు చీలే చోట ఉంటుంది. మా బాబాయి అప్పు చేసి, హైదరాబాదు నుంచి రెండు సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు తెచ్చి నెట్ సెంటర్ పెట్టాడు. పదో తరగతి రిజల్ట్స్ రెండ్రోజులున్నాయనగా అందులో ఒకటి మొండికేసింది. ఫ్యాన్ తిరుగుతోంది, బొమ్మ లేదు. ఖమ్మం నుంచి వచ్చిన మెకానిక్ మూత తీసి చూసి, "పల్లెటూరి కరెంటు, పైగా పిల్లలు రోజంతా గేములాడితే మదర్ బోర్డు ఉంటదా?" అన్నాడు. ఆ పిల్లలంటే నేనే. అప్పుడు ఆరో తరగతి. వీపు మీద రెండు పడ్డాయి. ఆ బోర్డు రకం దొరకదన్నారు, కొత్త బోర్డుతో పాటు ప్రాసెసరూ ర్యామూ మార్చాల్సొచ్చింది. బాబాయి మళ్ళీ వడ్డీకి తెచ్చాడు. మూడేళ్ళకి సెంటర్ మూసేశాడు. నా వల్లే మొదలైందని ఇంట్లో ఎవరూ మళ్ళీ అనలేదు గానీ, నేను అనుకుంటూనే ఉన్నాను.

ఇంతకీ ఆ మెకానిక్ చూడనిదేంటో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని విడుదల చేసింది. దాని బయాస్ రాసినవాళ్ళలో ముఖ్యుడు డేవిడ్ బ్రాడ్లీ. మనం రోజూ నొక్కే కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కూడా ఆయన పెట్టిందే. స్విచ్ వేయగానే మెషిన్ తన్ను తాను పరీక్షించుకుంటుంది కదా, అదే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. ఇక్కడో చిక్కుంది. ప్రాసెసర్, రామ్ కంటే ముందు రోమ్, టైమరు, మెమరీలో మొదటి భాగం, ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే వీడియో కార్డు వంతు వస్తుంది. అంటే అంతకుముందు ఏం తేడా వచ్చినా తెర మీద చెప్పే దారే లేదు. అందుకని స్పీకరుతో చెప్పించారు. ఒక చిన్న బీప్ అంటే అంతా క్షేమం. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే వీడియో దగ్గర గొడవ. మన ఊళ్ళో డప్పు చాటింపు లాంటిదన్నమాట.

తర్వాత కాంపాక్ 1982లో, ఫీనిక్స్ 1984లో ఐబీఎం కోడుని కాపీ కొట్టకుండా అదే పని చేసే బయాస్‌లు సొంతంగా రాసుకున్నాయి. వెనకే ఏఎంఐ, అవార్డ్. క్లోన్లు చవకయ్యాయి, పీసీ తల్లాడ దాకా వచ్చింది. కాకపోతే ఒక్కో కంపెనీది ఒక్కో బీప్ భాష అయింది. చివరికి చవక క్యాబినెట్లలో ఆ స్పీకరే పెట్టడం మానేశారు. పది రూపాయల వస్తువు! మా బాబాయి మెషిన్లో కూడా లేదు.

ఉన్నా ఆ రోజు మోగేది కాదనుకోండి. బీప్ కొట్టాలన్నా ముందు ప్రాసెసర్ మేలుకోవాలి. ఎస్ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులతో ఫ్యాన్ నేరుగా తిరుగుతుంది, దానికి తెలివితేటలేం అక్కర్లేదు. ప్రాసెసర్‌కి కావాల్సింది ఒకటిన్నర వోల్టు దరిదాపుల్లో, ఒడిదుడుకుల్లేని కరెంటు. ఆ ఒడిదుడుకుల్ని మింగేవి ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు. ఫ్యాన్ తిరిగిందంటే కరెంటు ఉందనే అర్థం, ప్రాణం ఉందని కాదు.

ఆ డబ్బాలకి 1999 ప్రాంతం నుంచి ఓ జబ్బు పట్టుకుంది. లోపలుండే ఎలక్ట్రోలైట్‌లో నీటి పాలు ఎక్కువ. ఆ నీరు అల్యూమినియంని తినకుండా ఆపే రసాయనాలు కూడా అందులో ఉండాలి. అవి సరిగ్గా లేకపోతే హైడ్రోజన్ పుడుతుంది, డబ్బా నెత్తి ఉబ్బుతుంది, అక్కడున్న గాటు దగ్గర పగిలి గోధుమరంగు జిగురు కారుతుంది. ఒక జపాన్ ఫార్ములాని దొంగిలించిన వాళ్ళు సగమే ఎత్తుకెళ్ళారని, దాంతోనే తైవాన్ సరుకు తయారైందని 2003లో పత్రికల్లో వచ్చింది. వినడానికి బాగుంటుంది కానీ అన్నిటికీ అదే కారణం కాదు. డెల్ కంప్యూటర్లలో చెడిపోయినవి నిచికాన్ అనే జపాన్ కంపెనీవే.

డెల్ సంగతే నన్ను ఆపేసింది. 2003 మే నుంచి 2005 జూలై దాకా అలా చెడే ప్రమాదమున్న కంప్యూటర్లు కనీసం 1 కోటీ 18 లక్షలు అమ్మారు. 2005లో వీటి మరమ్మతుల కోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. 2010లో కోర్టు కాగితాలు బయటపడ్డాక న్యూయార్క్ టైమ్స్ రాసిన ఇంకో ముక్క చూడండి. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ లెక్కల విభాగంలో మెషిన్లు వరసగా పోతుంటే, మీరు కష్టమైన లెక్కలు చేయించడం వల్లే పోతున్నాయి అని కంపెనీ చెప్పిందట. లెక్కలవాళ్ళు లెక్కలు చేయడం తప్పు! పిల్లలు గేములాడటం తప్పు! ఇది చదివి చాలాసేపు నవ్వుకున్నా, తర్వాత నవ్వు రాలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక ఎక్కాను. బోర్డు అక్కడే ఉంది, మిరపకాయల బస్తాల వెనక. దుమ్ము దులిపి టార్చి వేస్తే ప్రాసెసర్ పక్కన 5 డబ్బాలు నెత్తి ఉబ్బి, రెంటికి జిగురు కారి ఎండిపోయి ఉన్నాయి. కరెంటు పాపం, ఎండ పాపం అసలు లేదని అనను. వేడికి ఇవి త్వరగానే పోతాయి. కానీ ఆ మెకానిక్ మూత తీసినప్పుడు ఇవి కళ్ళ ముందే ఉండుండాలి.

ఖమ్మంలో కొత్తవి కొన్నాను. ఐదూ కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. ప్లస్సూ మైనస్సూ చూసుకుంటూ టంకం పెట్టాను, ఎక్కడో దొరికిన స్పీకరు తగిలించాను. బాబాయి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఏమీ అడగలేదు. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది. రెండు క్షణాలు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక చిన్న బీప్.

బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోవడంతో తేదీ తప్పుందని, ముందుకెళ్ళాలంటే ఎఫ్1 నొక్కమని తెర మీద వచ్చింది. బాబాయి నా చేతిని పక్కకి జరిపి తనే నొక్కాడు.