దుకా లా దావా

కామారెడ్డి నుంచో ఎల్లారెడ్డి నుంచో కొలువుకని టాంజానియాలోని దారెస్సలాం చేరిన పిలగాడికి అక్కడ అన్నీ కొత్తే. మందుల షాపు బోర్డు తప్ప. దాని మీద 'దుకా లా దావా' అని ఉంటుంది. స్వాహిలీలో దుకా అంటే దుకాణం, దావా అంటే మందు. మన దవాఖానలోని దవాయే అది. (కోర్టులో వేసే దావా వేరు, అదీ అరబ్బీదే అయినా.) దుకాణం, దవా రెండింటికీ మూలం అరబ్బీ. మనకు ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చాయి. అక్కడికి హిందూ మహాసముద్రపు వర్తకం మోసుకెళ్లింది. తూర్పు ఆఫ్రికా పల్లెల్లో కొట్లు పెట్టిన గుజరాతీలకు 'దుకావాలా' అన్న పేరే పడింది. మన దగ్గరికొస్తే, దుకాణం కోస్తాంధ్రలోనూ తెలుసు, దవాఖాన మాత్రం అక్కడ ఆసుపత్రి. ఇక కామారెడ్డి దిక్కు సాయంత్రంపూట 'దుకాణం పోయిండు' అంటే చాలాసార్లు కల్లు దుకాణానికే. ఆ అర్థం దారెస్సలాంలో చెల్లదు.