టోపీ పిన్ను నుంచి గడ్డికోత యంత్రం దాకా

సాకేతం అంటే అయోధ్య అని మనకు తెలుసు. ఢిల్లీ వాసులకు మాత్రం సాకేత్ అంటే నగరానికి దక్షిణాన, కుతుబ్ మీనారుకు కొద్ది దూరంలో ఉన్న కాలనీ. అక్కడ ఇళ్ళ మధ్య పార్కులు చాలా ఉన్నాయి. జులైలో వానలు పడగానే వాటిలో గడ్డి మోకాలెత్తు లేస్తుంది. పొద్దున్నే మాలీ భుజానికి పొడవాటి గొట్టం ఉన్న యంత్రాన్ని తగిలించుకుని వస్తాడు. గొట్టానికి ఒక చివర చిన్న పెట్రోలు ఇంజను, రెండో చివర గిర్రున తిరిగే నైలాను దారం. స్టార్టరు తాడు లాగితే ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోతుంది. పదోసారికి అందుకుంటుంది గాని, గడ్డిలో పెట్టగానే నీరసపడుతుంది. అప్పుడు మాలీ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, ఇంజను పక్కనున్న చిన్న స్క్రూను తిప్పడం మొదలుపెడతాడు.

ప్రమాదం ఆ తిప్పడంలోనే ఉంది. అదేమిటో తెలియాలంటే ఆ స్క్రూ బిగించి ఉన్న భాగం, అంటే కార్బురేటరు, చరిత్ర కొంత చెప్పుకోవాలి. కార్లు దాన్ని ఎప్పుడో వదిలేశాయి. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు వచ్చాక కొత్త స్కూటర్లు, మోటారు సైకిళ్ళు కూడా దాదాపుగా వదిలేశాయి. గడ్డికోత యంత్రంలో మాత్రం అది ఇంకా బతికే ఉంది.

పెట్రోలు ద్రవంగా ఉన్నప్పుడు మండదు. ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఈ రెంటినీ సరిగ్గా కలిపేదెలా? 1886లో పేటెంటు పొందిన తన మూడు చక్రాల బండిలో కార్ల్ బెంజ్ తేలికైన మార్గమే ఎన్నుకున్నారు. తొట్టిలోని ఇంధనం మీదుగా గాలి పోయేటట్లు చేశారు. గాలి తనతోపాటు ఆవిరిని తీసుకుపోయేది. ఇందులో ఒక చిక్కుంది. ముందు తేలిక భాగాలు ఆవిరైపోతాయి, అడుగున బరువైన భాగం మిగిలిపోతుంది. పోనుపోను ఇంజను మొరాయిస్తుంది.

1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, భర్తకు చెప్పకుండా ఆ బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరారు. దూరం నూరు కిలోమీటర్ల పైమాటే. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో కొన్నారు. ఇంధన గొట్టం పూడుకుపోతే తన టోపీకి పెట్టుకున్న పొడవాటి పిన్నుతో దాన్ని శుభ్రం చేశారు. కారు మరమ్మతుల చరిత్రలో మొదటి మెకానిక్కు ఆవిడేనంటే తప్పు లేదు. ఆవిడకు ఎదురైన చిక్కే ఇవాళ సాకేత్ మాలీకీ ఎదురవుతుంది. చలికాలమంతా మూల పడేసిన యంత్రంలో పెట్రోలు తేలిక భాగాలు ఎగిరిపోయి, మిగిలినది జిగురుగా మారి సన్నని రంధ్రాలకు అడ్డం పడుతుంది. ఇక్కడ స్క్రూ తిప్పి లాభం లేదు. రంధ్రం శుభ్రం కావాలి.

బెంజ్ తొట్టి స్థానంలో పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బురేటరు 1893లో వచ్చింది. బుడాపెస్టులో దోనాత్ బాంకి, యానోష్ చోంకా ఫిబ్రవరిలో పేటెంటుకు దరఖాస్తు చేశారు. కొన్ని నెలలకు జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ మైబాఖ్ కూడా అలాంటిదే రూపొందించారు. పూలమ్మే అమ్మాయి పూలమీద నీళ్ళు చిమ్మడం చూసి హంగరీ మిత్రులకు ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ చెబుతారు. కథ ఎంత నిజమైనా, సూత్రం మాత్రం పాతదే. కాలువ ఇరుకైన చోట నీరు వడిగా పారుతుంది. వడి పెరిగిన చోట పీడనం తగ్గుతుందని 1738లో డేనియల్ బెర్నౌలీ రాశారు. ఇరుకు గొంతు ఉన్న గొట్టాలలో ప్రవాహాన్ని ఇటలీ శాస్త్రవేత్త వెంచురి 1797లో వివరించారు. కార్బురేటరు గొంతులో పీడనం తగ్గినప్పుడు పక్కనున్న రంధ్రంలోంచి పెట్రోలు దానంతటదే బయటికి వస్తుంది. దోమల మందు చిమ్మే పాత ఫ్లిట్ పంపు గుర్తున్నవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

రంధ్రం దగ్గర పెట్రోలు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండాలి. అందుకు చిన్న గిన్నెలో తేలే బుడ్డి పెట్టారు. మన డాబా మీది నీళ్ళ ట్యాంకులో ఉండే బంతిలాంటిదే. కాని గిన్నె తలకిందులైతే? 1940లో బ్రిటిష్ యుద్ధవిమానాల్లోని మెర్లిన్ ఇంజన్లకు ఈ ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చింది. విమానం ఒక్కసారిగా ముక్కు కిందికి దించితే పెట్రోలు గిన్నె పైభాగానికి ఎగిసి ఇంజను తడబడేది, ఆ వెంటనే పెట్రోలు వరదలా వచ్చి ఊపిరాడక ఆగేది. జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109కు కార్బురేటరు లేదు, ఇంధనాన్ని నేరుగా చిమ్మే పంపు ఉండేది. కాబట్టి అది హాయిగా తప్పించుకుపోయేది. ఫార్న్‌బరోలో పనిచేసే ఇంజనీరు బియాట్రిస్ షిల్లింగ్ ఇంధన మార్గంలో చిన్న రంధ్రమున్న బిళ్ళ ఒకటి అమర్చారు. ఇంజనుకు గరిష్ఠంగా ఎంత కావాలో అంతే పెట్రోలు దానిగుండా పోతుంది. 1941లో ఆ బిళ్ళలు విమానాలకు చేరాయి. పూర్తి వైద్యం కాకపోయినా ఇంజను ఆగడం తగ్గింది. ఆవిడ మోటారు సైకిలు పందేల్లోనూ పేరు పొందిన మనిషి.

చెట్లు కోసే మోటారు రంపాలదీ ఇదే అవస్థ. అడ్డంగా కోయాలంటే ఇంజనును నిటారుగా ఉంచి, రంపపు పట్టీని మాత్రమే పక్కకు తిప్పుకునేవారు. గిన్నెనూ బుడ్డినీ తీసేసి పలచని రబ్బరు పొర పెట్టిన కార్బురేటర్లు 1950లలో వాడకంలోకి వచ్చాక ఆ బాధ తీరింది. పొరకు ఒకవైపు బయటి గాలి, మరోవైపు పెట్రోలు. గొంతులో పీడనం తగ్గితే పొర లోపలికి వంగి, చిన్న మీటను నొక్కి, సూది కవాటాన్ని తెరుస్తుంది. ఇందులో గురుత్వాకర్షణకు పని లేదు. 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్, కార్లు కడిగే చోట గిరగిర తిరిగే బ్రష్షులు చూసి, తగరపు డబ్బాకు నైలాను దారాలు కట్టి గడ్డి కోశారు. ఎటు వంచినా నడిచే చిన్న ఇంజను అప్పటికే రంపాల్లో సిద్ధంగా ఉంది. పెట్రోలుతో నడిచే గడ్డికోత యంత్రానికి అదే పనికొచ్చింది.

ఇప్పుడు మాలీ స్క్రూ దగ్గరికి వద్దాం. చాలా కార్బురేటర్లలో మూడు స్క్రూలుంటాయి. ఎల్ అక్షరం ఉన్నది తక్కువ వేగానికి, హెచ్ ఉన్నది ఎక్కువ వేగానికి పెట్రోలును నియంత్రిస్తుంది. మూడోది ఖాళీగా తిరిగే వేగానికి. ఎల్, హెచ్ స్క్రూలను కుడివైపు తిప్పితే పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది, ఎడమవైపు తిప్పితే చిక్కబడుతుంది. హెచ్ స్క్రూను కుడికి తిప్పగానే ఇంజను కేక వేస్తూ జోరందుకుంటుంది. చూసేవారికి బాగుపడినట్లే అనిపిస్తుంది. కాని ఇది రెండు స్ట్రోకుల ఇంజను. పిస్టనుకు కందెన వేరే లేదు, పెట్రోలులో కలిపిన నూనే ఆధారం. యాభైకి ఒకటి చొప్పున కలిపితే లీటరుకు 20 మిల్లీలీటర్లు. పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. కొంతసేపటికి పిస్టను సిలిండరుకు పట్టేసుకుంటుంది. ఆ యంత్రం మాలీ సొంతమైతే కొత్త సిలిండరు ఖర్చూ అతనిదే, పని పోయిన రోజుల కూలీ కూడా అతనిదే.

ఢిల్లీ వాతావరణం దీనికి మరో మెలిక పెడుతుంది. జూన్ మధ్యాహ్నం 45 డిగ్రీలు, జనవరి ఉదయం 5 డిగ్రీలు అనుకుందాం. కెల్విన్ మానంలో 318, 278. పీడనం మారలేదనుకుంటే జూన్ గాలి సాంద్రత జనవరి గాలిలో 87 శాతమే. లోపలికి పోయే గాలి బరువు అంత మేరకు తగ్గుతుంది. పెట్రోలు మాత్రం సాంద్రత వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక 93 శాతం దాకా వస్తుంది. అంటే వేసవిలో మిశ్రమం సుమారు 7 శాతం చిక్కబడుతుంది. మే నెలలో సరిగ్గా పెట్టిన స్క్రూ జనవరికి అంత మేరకు పలచన అన్నమాట. దీనికి తోడు 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చింది. ఇథనాలులో ఆక్సిజను ఉంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. స్క్రూ ముట్టుకోకుండానే పాత మిశ్రమం మరో ఏడెనిమిది శాతం పలచబడుతుంది. ఇథనాలు తేమను పీలుస్తుంది, పాత రబ్బరు పొరలకూ అంత మంచిది కాదు.

అందుకే స్క్రూ ఆఖరున. ముందు గాలి వడపోత దులపాలి. పాత పెట్రోలు పారబోయాలి. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం, ట్యాంకులోని చిన్న వడపోత చూడాలి. పొర గట్టిపడి ఉంటే మార్చాలి. ఆ తర్వాత ఇంజనును వేడెక్కనిచ్చి, పూర్తి వేగంలో గడ్డికి తాకించకుండా పట్టుకుని వినాలి. శబ్దంలో కాస్త గరగర ఉండి, గడ్డిలో పెట్టగానే అది పోయి స్వచ్ఛంగా మోగితే హెచ్ స్క్రూ సరిగా ఉన్నట్లు. గరగర లేకుండా సన్నగా కేక పెడితే ఎడమవైపు కొద్దిగా, గడియారం ముల్లు అయిదు నిమిషాల్లో కదిలినంత, తిప్పాలి.

ఆ రోజు సాకేత్ పార్కులో మాలీ యంత్రానికి పట్టిన జబ్బు స్క్రూది కాదు. ట్యాంకు మూతమీది రంధ్రంలో ఎండిన గడ్డిపొడి నిండిపోయింది. మూత కొద్దిగా వదులు చేయగానే ఇంజను అందుకుంది. అతను అగ్గిపుల్ల చెక్కి ఆ రంధ్రాన్ని శుభ్రం చేసుకున్నాడు.